గాయపడిన కాయము – నవ్వించు కాయకము

కాయకమను మాట కాయమునుండి పుట్టినది. కాయమనగా శరీరము. శరీరమును శ్రమపెట్టి, ఆ శ్రమను శివార్పణము చేసి, దానివలన లభించినదానిలో తనకు వలసినంత మాత్రమే గ్రహించి, మిగిలినది దాసోహమున వినియోగించుటయే కాయకమని బసవాది శరణులు బోధించిరి. ఆరోగ్యవంతునకు ఈ బోధ సుబోధమే. కాని ఇచట ఒక కఠినమైన ప్రశ్న కలదు. ఆ కాయమే విరిగినయెడల కాయకమేమగును? నాగలి పట్టిన చేయి యంత్రమున పడి నలిగినపుడు, మగ్గము త్రొక్కిన కాలు ప్రమాదమున పోయినపుడు, ఆ మనుష్యుడు శరణమార్గమునుండి తొలగిపోయినట్లేనా?

ఈ ప్రశ్న వెంట మరియొకటి వచ్చును. అట్టివాడు తన పూర్వవృత్తికి పనికిరాక, ముఖమునకు రంగు పూసికొని, ఎర్రముక్కు తగిలించుకొని, పసిపిల్లలను నవ్వించు పనికి పూనుకొనెననుకొందురు గాక. బంధువులు సాధారణముగా రెండు విధముల మాటలాడుదురు. “పాపము, ఏ పనియు చేయలేక ఈ పనికి దిగినాడు” అందురు కొందరు. “ఆహా, ఎంతటి ధైర్యము!” అందురు మరికొందరు. మొదటి మాట ఆ పనిని తక్కువ చేయును. రెండవది ఆ మనుష్యుని ఒక వింతవస్తువుగా నిలుపును. ఈ పని మంచిదా, ఇతడు దానిని చక్కగా చేయుచున్నాడా అని ఈ రెండింటిలో ఏదియు అడుగదు. కాయకవిచారమున అడుగదగిన ప్రశ్న అదియే.

గాయము ఎముకను మాత్రమే విరువదు. పల్లెలలో ఇంటిపేరుకన్న పనిపేరే ముందు పలుకబడును. తాపీమేస్త్రి, లారీడ్రైవరు, వడ్రంగి అని పిలువబడువానికి ఆ పని పోయిననాడు ఆ పేరును పోవును. ఆసుపత్రినుండి ఇంటికి వచ్చిన మొదటి మాసమున పరామర్శించువారు వాకిట నిండియుందురు. ఆరవ మాసమునకు మంచమును, గోడయును, ఎదుట తిరుగు భార్య ముఖమునందలి అలసటయును మాత్రమే మిగులును. తాను ఇంటికి భారమైతినను తలంపు దేహబాధకన్న ఎక్కువగా కోయును. అట్టివానికి అన్నము పెట్టుట ధర్మమే. కాని అన్నముతో ఆ కోత మానదు. తాను ఇంకను ఒకరికి అవసరమైనవాడనను ఎరుకయే దానికి మందు.

ఇందుకు నిదర్శనముగ అమెరికాదేశపు వృత్తాంతమొకటి పరిశీలింపదగియున్నది. 1936లో జన్మించిన హ్యూ రామ్నీ అనునాతడు వేవీ గ్రేవీ అను పేరుతో ప్రసిద్ధుడయ్యెను. యౌవనమున కవితలు చదువుచు, హాస్యప్రసంగములు చేయుచు జీవించెను. 1969లో వుడ్‌స్టాక్ సంగీతోత్సవమునకు లక్షలాది యువజనులు చేరినపుడు ఆతడును ఆతని మిత్రబృందమును అచట ఉచిత భోజనపు ఏర్పాట్లు చేసిరి. వేదికపైనుండి జనులను పలుకరించిన కంఠములలో ఆతనిదియు ఒకటి. యుద్ధవ్యతిరేక ప్రదర్శనలలో తిన్న దెబ్బలవలన తన వెన్ను పాడైనదని ఆతడు చెప్పుకొనెను. ఆ వెన్నునకు పలుమారు శస్త్రచికిత్స జరిగెను. మూడవ చికిత్స తరువాత, ఇంకను కోలుకొనుచుండగనే, కాలిఫోర్నియాలోని ఓక్లండ్ నగరమందలి పిల్లల ఆసుపత్రికి వచ్చి రోగులగు బాలబాలికలను ఉల్లాసపరచుమని ఆతనిని కోరిరి. బయలుదేరు సమయమున ఎవరో ఒక రబ్బరు ముక్కును ఆతని చేత పెట్టిరట. అది మొదలు ఆతడు కొన్ని సంవత్సరములపాటు ఆ ఆసుపత్రికి పోవుచుండెను. పిల్లల మంచముల నడుమ తిరుగుచున్నంతసేపు తన నొప్పిపై తనకు దృష్టి లేకపోయెనని ఆతడు చెప్పినదాని సారము. తరువాత భార్యతో కలిసి పిల్లల కొరకు వేసవి శిబిరమును నడపి, బంతుల గారడి, కర్రకాళ్ళ నడక, నాటకము మొదలగు విద్యలను వారికి నేర్పించెను.

ఈ వృత్తాంతమున మహిమ ఏమియు లేదు. ఆతని వెన్ను విరిగినది కాని మాట విరుగలేదు. జనులను పలుకరించు నేర్పు, నవ్వు పుట్టించు చమత్కారము గాయమునకు పూర్వమే ఆతనియందుండెను. గాయము తీసికొనిపోయినదేది, మిగిల్చినదేది అను లెక్కను ఆతడు సరిగా వేసికొనెను. మిగిలినదానిని అవసరమున్నచోటికి కొనిపోయెను. నొప్పియు ఆతనిని విడిచిపోలేదు. అది ఉండగనే పని సాగినది.

ఈ కథకు భారతదేశముతో ఒక ముడి కలదు. అంధత్వనివారణకై 1978లో ఏర్పడిన సేవా ఫౌండేషన్ స్థాపకులలో వేవీ గ్రేవీ ఒకడు. ఆ సంస్థకు తొలినుండి తోడునిలిచినవారిలో మదురైలో 1976లో 11 పడకలతో అరవింద కంటి ఆసుపత్రిని ప్రారంభించిన డాక్టరు గోవిందప్ప వెంకటస్వామి ముఖ్యుడు. ప్రసూతివైద్యుడు కాగోరిన ఆయనకు యౌవనముననే తీవ్రమైన కీళ్ళవాతము సోకి చేతివ్రేళ్ళు వంకరపోయినవి. ఆ వ్రేళ్ళతో ప్రసూతివైద్యము సాధ్యము కాదని తెలిసిన పిమ్మట ఆయన నేత్రవైద్యమునకు మరలెను. తన చేతికి అమరు పనిముట్లను సిద్ధపరచుకొని, జీవితకాలమున లక్షకు మించిన నేత్రచికిత్సలు చేసి, 2006లో కాలధర్మము చెందెను. ఒకరిది దెబ్బ, ఒకరిది వ్యాధి. ఒకరు కంటికి వెలుగునిచ్చిరి, ఒకరు పెదవికి నవ్వునిచ్చిరి. ఇరువురును పోయిన దారిని తలచుకొనుచు కూర్చుండక ఉన్న దారిని వెదకిరి.

కంటిచికిత్సను గొప్పదనుటకు ఎవరును సందేహింపరు. నవ్వించుట దానితో సమానమైన పనియా అని మాత్రము శంకింతురు. శరణపరంపర నెరిగినవారికి ఈ శంక నిలువదు. 12వ శతాబ్దమున కల్యాణమునందలి శరణసమూహమున బట్టలుతుకు మడివాళ మాచయ్యయు, పడవ నడుపు అంబిగర చౌడయ్యయు ఉన్నట్లే, నగెయ మారితందె అను శరణుడును ఉండెను. నగె అనగా కన్నడమున నవ్వు. జనులను నవ్వించుటయే ఆతని కాయకమని సంప్రదాయము చెప్పుచున్నది. బహురూపి చౌడయ్య వేషములు కట్టి ఆడి జీవించెను. ఇరువురును వచనములు రచించినవారే. వేషగాడవు గనుక దూరముగ కూర్చుండుమని వారినెవరును అనలేదు. తెలుగునాట పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున శ్రీశైల శివరాత్రి మహోత్సవమును వర్ణించుచు ఆటపాటలను, బొమ్మలాటలను ఎంతయో ప్రీతితో పేర్కొనెను. పగటివేషములు కట్టి ఊరూర తిరిగి జనులను అలరించిన జంగములు ఆంధ్ర తెలంగాణ పల్లెలకు చిరపరిచితులు. నవ్వు నీచమైనదను భావము శరణులది కాదు. పనియందు హెచ్చుతగ్గులు లేవని చెప్పినవారు నవ్వును మాత్రము మినహాయింపలేదు.

ఇచట మరియొక ఆక్షేపణ రావచ్చును. లోపల బాధ, వెలుపల నవ్వు – ఇది కపటము కాదా? అంతరంగ బహిరంగములు ఒక్కటిగా ఉండవలెనని బోధించు మార్గమున దీనికి చోటున్నదా? ఆలోచించినచో ఇది కపటము కాదు. తన సుఖమును నటించి ఇతరులనుండి లాభము పొందువాడు కపటి. తన బాధ ఈ బిడ్డ మోయవలసిన బరువు కాదని ఎంచి దానిని కొంతసేపు ప్రక్కన పెట్టువాడు తల్లివంటివాడు. జ్వరముతో ఉన్న తల్లియు బిడ్డకు జోలపాడును. ఆ పాటను అబద్ధమని ఎవరందురు? పైగా పిల్లలయెదుట దాచవలసిన అవసరము తక్కువ. పెద్దలు కుంటికాలును చూచి చూపు మరల్చుకొందురు. పిల్లలు తిన్నగా అడుగుదురు – “నీ కాలికేమైంది?” అని. జవాబు వినిన వెంటనే ఆటలోనికి పోవుదురు. ఆ ప్రశ్నలో జాలి లేదు, తిరస్కారము లేదు. ఏండ్ల తరబడి జాలిచూపులు భరించినవానికి ఆ ప్రశ్నయే ఒక ఔషధము.

ఆసుపత్రిలో పిల్లలను నవ్వించు పని నేడు ఒక శిక్షణగల వృత్తిగా పెరిగినది. 1986లో న్యూయార్కు నగరమున బిగ్ ఆపిల్ సర్కసుకు చెందిన మైకేల్ క్రిస్టెన్సెన్ ఇట్టి విదూషకుల దళమును ఏర్పరచెను. తరువాత అనేక దేశములలో ఇట్టి బృందములు బయలుదేరినవి. ఈ వృత్తిలోని ఒక నియమము గమనింపదగినది. విదూషకుడు గది వాకిట నిలిచి, లోనికి రావచ్చునా అని బిడ్డను అడుగును. వద్దన్నచో మరలిపోవును. సూదిని వద్దనుటకు బిడ్డకు వీలులేదు, మందును వద్దనుటకు వీలులేదు. ఈ ఒక్కనిని మాత్రము వద్దనవచ్చును. తన దేహముపై తనకు అధికారము లేకుండపోయిన దినములను స్వయముగ అనుభవించినవాడు ఈ నియమముయొక్క విలువను ఇతరులకన్న బాగుగా ఎరుగును. గాయము నేర్పిన చదువు ఇదియే. ఆ చదువు గాయపడుటకు తగిన మూల్యమని మాత్రము అనరాదు. ఎవరును కోరి చెల్లింపని మూల్యమది.

కావున అన్నిటికన్న ముఖ్యమైన హెచ్చరిక ఇచటనే చెప్పవలసియున్నది. ఒకడు గాయమునుండి లేచి నవ్వించెను గనుక గాయపడిన ప్రతివాడును నవ్వుచుండవలెనని లోకము విధింపరాదు. దుఃఖమునకు దాని కాలము కలదు. కాలు పోయినవానితో మూడవనాడే “అధైర్యపడకుము, నవ్వుచుండుము” అనుట ఓదార్పు కాదు. అది చెప్పువాని సౌకర్యము. అట్లే నవ్వించుటకును నవ్వులపాలగుటకును భేదము కలదు. కొన్ని సర్కసులలో పొట్టివారిని, అంగవైకల్యముగలవారిని వారి ఆకారమును చూపియే నవ్వు పుట్టించుటకు నిలిపిన ఆచారము ఉండెడిది. అచట నవ్వబడినది మనుష్యుని విద్య కాదు, మనుష్యుని దేహము. తాను ఎంచుకొని, నేర్చుకొని, తన నేర్పుచే నవ్వించినపుడే అది కాయకము. ఇతరుల నిర్బంధముచే తన లోపమును చూపి నవ్వించినయెడల అది హింస.

కాయకమనునది భిక్ష కాదు. అందు ప్రతిఫలమునకు చోటున్నది. ఆయ్దక్కి మారయ్య బియ్యపుగింజలు ఏరి తెచ్చుచుండగా, ఒకనాడు అవసరమునకు మించి తెచ్చినందుకు భార్య లక్కమ్మ మందలించి తిరిగి ఇచ్చిరమ్మనెనని శరణకథ చెప్పుచున్నది. ఎక్కువ తీసికొనుట తప్పని ఈ కథ బోధించును. చేసిన పనికి తగినది కూడ ఇయ్యకుండుట ఇచ్చువాని పక్షమున అంతే తప్పని దీనినుండి గ్రహింపవచ్చును. గాయపడి లేచిన కళాకారునకు సభలో శాలువ కప్పి, చప్పట్లు కొట్టి, వట్టిచేతులతో పంపుట గౌరవము కాదు. ఆతని యింటను పొయ్యి వెలుగవలెను.

చట్టము ఈ విషయమున కొంతవరకు ముందడుగు వేసినది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ప్రకారము ఉద్యోగముననుండగా వైకల్యము ప్రాప్తించినవానిని ప్రభుత్వసంస్థ తొలగింపరాదు, హోదా తగ్గింపరాదు. పూర్వపు పనికి తగనిచో అదే వేతనముతో వేరొక పనికి మార్చవలెను. కాని పొలమున కూలిచేయువానికి, మగ్గపువానికి, సొంతబండి తోలువానికి ఈ రక్షణ చేరదు. అట్టివారి విషయమున కుటుంబమును, సమాజమును, మఠములును తమ ధర్మమును తలచుకొనవలసియున్నది.

ఆ ధర్మము గొప్ప ధనమును కోరదు. చేతిబొమ్మలాట, కాగితపు బొమ్మలు చేయుట, చిన్న గారడీలు, కంఠము మార్చి కథ చెప్పుట – ఇవి కుర్చీలో కూర్చుండియు చేయదగిన విద్యలు. నేర్చుకొనుటకు కొన్ని మాసములు, నేర్పువాడొకడు, కొలదిపాటి సామగ్రి వలయును. మఠముల పాఠశాలలలో, విద్యార్థినిలయములలో, జాతరలలో, పుట్టినరోజుల వేడుకలలో అట్టివారిని పిలిచి, ముందుగ ఒప్పుకొన్న పారితోషికమును చేతికిచ్చి, చక్రములకుర్చీ వేదికపైకి ఎక్కుటకు ఒక వాలుపలక వేసియుంచినచో అదియే దాసోహము. అన్నిటికన్న ముందు ఇంటివారు చేయవలసినది ఒకటి కలదు. “నీకేమి మిగిలినది?” అని నిరాశతో అడుగు ప్రశ్ననే నెమ్మదిగా, నిజమైన జవాబు కోరి, ఆతని ప్రక్కన కూర్చుండి అడుగవలెను.

మొదటి ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పవచ్చును. కాయము విరిగినచో కాయకము విరుగదు; దాని రూపము మారును. కాయమనగా కాలుచేతులు మాత్రమే కాదు. మాటయు కాయమే, చూపును కాయమే, ఒక బిడ్డ ముఖమును చూచి దానికేమి కావలెనో గ్రహించు ఓర్పును కాయమునందలిదే. వానిలో ఏ ఒక్కటి మిగిలియున్నను దానిని శివార్పణము చేయవచ్చును. జ్వరముతో పడియున్న బిడ్డ, ఎర్రముక్కువాడు వెడలిపోవునపుడు, “రేపు కూడ వస్తావా?” అని అడుగును. వచ్చెదనని చెప్పి, మరునాడు ఊతకర్రపై వచ్చువాని అడుగులు మెల్లగానుండవచ్చును. ఆ మాట నిలుపుకొనుటలో మాత్రము ఆతడు సంపూర్ణకాయుడు.