నీ తమ్ముడెక్కడ?



తమ్ముని చంపి వచ్చిన కయీనును దేవుడు హేబెలు ఎక్కడున్నాడని అడిగాడు. అప్పటికే రక్తం నేలపాలైంది. అలా జరుగక మునుపే అడగవలసిన బాధ్యత మనుష్యులమైన మనది.

మన దేశపు 1959 ఆయుధాల చట్టం చేసే పని ఇదే. లైసెన్సు లేనివానికి ఎవరూ తుపాకి అమ్మరాదు. లైసెన్సు ఇచ్చేముందు అధికారి దగ్గరి పోలీసు స్టేషను నుండి అతని గురించి నివేదిక తెప్పించుకోవాలి. మతిస్థిమితం లేనివానికి, ప్రజాశాంతికి ముప్పు అనిపించినవానికి నిరాకరించాలి. 2019 సవరణ, ఒకరి వద్ద ఉండదగిన తుపాకులను మూడు నుండి రెండుకు తగ్గించింది.

ఎవరి చేతికి ఇస్తున్నామో చూడకపోతే ఏమవుతుందో మన సరిహద్దు అడవికి తెలుసు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలైంది. ఐదవ తరగతి చదివిన గిరిజన యువకులకు రెండు నెలల శిక్షణతో ప్రభుత్వమే తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులను చేసింది. మావోయిస్టులూ పడుచువాళ్ల చేతికే తుపాకి ఇచ్చారు. ఊళ్లు కాలిపోయాయి. గొత్తికోయలు పిల్లాపాపలతో నాటి ఖమ్మం జిల్లా అడవులకు వలస వచ్చారు. 2011 జూలై 5న సుప్రీంకోర్టులో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ ఆ పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని, ఇచ్చిన తుపాకులు వెనక్కు తీసుకోవాలని తీర్పు చెప్పారు.

చట్టం ప్రతి పాపాన్నీ నిషేధించలేదు, ముఖ్యంగా పరులకు హాని చేసేవాటినే ఆపుతుంది అని పునీత తోమాసు అక్వినాసు బోధించాడు. ఆ కొంచెమైనా సాగాలంటే సాక్ష్యం నిజమై ఉండాలి. పోలీసులు వచ్చి ఇరుగుపొరుగును విచారించినప్పుడు, తాగి భార్యను కొట్టేవాడని తెలిసి కూడా మొహమాటానికి "మంచివాడేనండి" అంటాము. రేపు ఆ ఇంట తుపాకి పేలితే, నరహత్య వద్దన్న ఐదవ ఆజ్ఞను నేను మీరలేదని అనుకుంటాము. కాని అబద్ధసాక్ష్యం వద్దన్న ఎనిమిదవ ఆజ్ఞను మీరిననాడే ఐదవదానికి గండి పడింది.

ఇక, అడవిపందుల కోసమని చూరులో దాచిన నాటు తుపాకి సంగతి. దాన్ని పట్టినవాడు ఎలాంటివాడని ఎవరూ అడగలేదు. పండుగనాటి తగాదాలో అది పందినీ అన్నదమ్మునీ వేరుగా చూడదు.

కత్తిని ఒరలో పెట్టమని పేత్రుకు చెప్పిన ప్రభువు ఈ వారం మన ఇళ్ల చూరులను, మన నాలుకలను పరీక్షించుగాక. తమ్ముడు ఎక్కడని ఆయన అడిగినప్పుడు, ఇదిగో, నా పక్కనే క్షేమంగా ఉన్నాడని చెప్పగలిగే భాగ్యం మనకు కలుగుగాక.