కూర్మి బతుకు బాగుందా లేదా?

ఈ వారం వీడియోలో కూర్మావతారం గురించి చెప్పుకున్నాం కదా. మందర పర్వతాన్ని వీపు మీద మోసిన స్వామి గురించి స్క్రిప్ట్ రాస్తుంటే, నా టేబుల్ పక్కన టబ్బులో ఒక తాబేలు తన డిప్ప బరువే మోయలేక పడుకుని ఉంది. వీడియోలో చెప్పలేకపోయిన మాట ఇక్కడ రాస్తున్నా.

దాని పేరు కూర్మి. రెడ్ ఇయర్డ్ స్లైడర్, అంటే కంటి వెనక ఎర్ర చార ఉండే నీటి తాబేలు. ఐదేళ్ల క్రితం, ఉద్యోగంలో చేరిన కొత్తలో, హైదరాబాద్‌లో ఒక షాపులో కొన్నా. అరచేతిలో సగం ఉండేది. "తొట్టి, నీళ్లు, గింజలు చాలు సార్" అన్నాడు షాపతను. నమ్మేశా. రోజంతా కోడ్‌లో తప్పులు వెతికేవాణ్ణి, ఒక ప్రాణం గురించి పది నిమిషాలు చదవలేదు.

తాబేలుకి యూవీబీ కిరణాలు తగిలితేనే ఒంట్లో విటమిన్ డి3 తయారై, తిన్న కాల్షియం ఎముకకి పడుతుంది. కిటికీ అద్దం ఆ కిరణాల్ని దాదాపు ఆపేస్తుంది. నేను తొట్టిని కిటికీ పక్కన పెట్టి, ఎండ తగుల్తోందిలే అనుకున్నా. రెండేళ్లకి డిప్ప మెత్తబడింది, వెనక కాళ్లు వంకరపోయాయి. సరైన లైటు, కాల్షియం మొదలుపెట్టాక జబ్బు ముదరడం ఆగింది కానీ, వంకర అలాగే ఉండిపోయింది. ఈ ఏడాది రెండుసార్లు న్యుమోనియా. "ఇక దీని బతుకు ఎలా ఉందో మీరే గమనించి చెప్పాలి" అన్నారు డాక్టర్ గారు.

ఎలా చెప్పాలి?

అమ్మది శ్రీకాకుళం జిల్లా. తాబేలు రూపంలో విష్ణువు పూజలందుకునే శ్రీకూర్మం వాళ్ల ఊరికి దగ్గరే. "గుడి కోనేట్లో వదిలేయరా నాన్నా, స్వామే చూసుకుంటాడు" అంది. చాలామంది ఇదే పుణ్యం అనుకుంటారు. కానీ ఈ జాతి మన దేశానిది కాదు. చెరువుల్లో వదిలితే మన తాబేళ్ల తిండికీ చోటుకీ పోటీ అవుతుంది. పైగా ఈదలేని దాన్ని నీళ్లలో వదలడం స్వామికి అప్పగించడం ఎలా అవుతుంది? నా కంటికి కనపడకుండా చేసుకోవడమే అది.

"పోనీ, దాని కర్మ అది అనుభవించాలి, మనం మధ్యలో రాకూడదు" అంది. అమ్మా, మరి ఇంజెక్షన్లు ఇప్పించడం కూడా మధ్యలో రావడమే కదా? దాని కర్మ సంగతి నాకు తెలీదు. దాని జబ్బులో నా కర్మ మాత్రం స్పష్టంగా కనిపిస్తోంది.

1928లో సబర్మతి ఆశ్రమంలో, నయం కాని జబ్బుతో యాతన పడుతున్న ఒక దూడకి గాంధీజీ డాక్టర్ చేత ఇంజెక్షన్ ఇప్పించి ప్రాణం పోయేలా చేశారు. ఎంతోమంది కోపంగా ఉత్తరాలు రాశారు. కోపంతోనో స్వార్థంతోనో ప్రాణం తీస్తే హింస, ఆ జీవి బాధ తీర్చడానికే అయితే అది వేరు అని ఆయన వాదన. ఒప్పుకుంటా. కానీ దూడ బాధ కంటికి కనపడుతుంది. తాబేలు బాధ?

మనకి అలవాటైన పద్ధతిలోనే ఎక్సెల్ షీట్ తెరిచా. అలిస్ విల్లలోబోస్ అనే అమెరికన్ పశువైద్యురాలి పట్టిక ఒకటుంది. నొప్పి, ఆకలి, నీళ్లు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజులకన్నా మంచి రోజులు ఎక్కువా అనేవి. ఒక్కోదానికి పది మార్కులు, మొత్తం 35 దాటితే ఫర్వాలేదు. 'సంతోషం' దగ్గర ఆగిపోయా. కుక్కయితే తోక ఊపుతుంది. సరీసృపాలు జబ్బుని దాచుకుంటాయి. గీతలో స్థితప్రజ్ఞుణ్ణి అవయవాలు లోపలికి ముడుచుకున్న తాబేలుతో పోల్చారు. ఆ ముడుచుకోవడం నిగ్రహం. కూర్మి ముడుచుకుంటే మాత్రం అది శాంతో, నొప్పో, చలో నేనే కనుక్కోవాలి.

మొన్న చలికాలంలో మూడు రోజులు ఏమీ తినలేదు. ఆకలికి సున్నా వేశా. ఇక టైమొచ్చిందనుకుని రాత్రంతా ఏడ్చా. పొద్దున చూస్తే హీటర్ పాడైపోయి ఉంది. వీటికి ఒంటి వేడి బయటి నుంచే రావాలి, చల్లబడితే అరుగుదల కూడా నెమ్మదిస్తుంది. హీటర్ మార్చిన రెండో రోజుకి ఆకుకూర కొరికింది. నా అజాగ్రత్తకి దాని ఖాతాలో సున్నా వేశానన్నమాట.

అందుకే ఇప్పుడు మొదట వేడి, లైటు, నీళ్లు సరిచూస్తా. ఆ తర్వాత మూడే రాసుకుంటా. తనంతట తానే లైటు కిందకి పాక్కుంటూ వచ్చిందా? తిండి కోసం మెడ చాచిందా? నోరు తెరిచి ఆయాసపడకుండా ఊపిరి తీస్తోందా? ఇవి తాబేలు బతుకులో మంచి రోజు గుర్తులు. నన్ను గుర్తుపట్టడం, నాతో ఆడుకోవడం నా కోరికలు. అన్నీ సరిగ్గా ఉండి కూడా రెండు వారాలు వీటిలో రెండు పోతే, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తా. ఫ్రీజర్‌లో పెడితే నిద్రలోనే పోతుందని కొందరు చెప్తారు. దయచేసి అలా చేయకండి, అది యాతన. ఆ పని డాక్టర్ చేతుల మీదుగానే జరగాలి.

ఈ నియమం ఇప్పుడే రాసుకోవడానికి కారణం ఉంది. ఆ రోజు వచ్చినప్పుడు నాలోని తప్పు చేసినవాడు మాట్లాడతాడని నా భయం. "ఇంకొక్క నెల" అంటాడు, ఎందుకంటే అది బతికున్నంతకాలం నేను దాన్ని చంపలేదు అనుకోవచ్చు. లేదా "ఇవాళే కానిచ్చేద్దాం" అంటాడు, రోజూ ఆ వంకర కాళ్లు చూడక్కర్లేదని. రెండు మాటల్లోనూ కూర్మి లేదు.

ఇవాళ మూడింటిలో రెండు ఉన్నాయి. మెడ చాచలేదు. రేపు పొద్దున మళ్లీ చూస్తా.

మీ ఇంట్లో కూడా ఇలాంటి మూగప్రాణి ఉంటే, దండం పెట్టుకునే ముందు ఒక్కసారి దాని లైటు చూసి రండి.

జై శ్రీమన్నారాయణ.