ఇవ్వని గంటలు

చలికాలంలో మెడకు చుట్టుకునే ఊలు మఫ్లరును క్రోషే సూదితో అల్లడం పెద్ద విద్యేమీ కాదు. రెండు కుట్లు వస్తే చాలు, ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది. వరుస పొడవునా ఒకటి విడిచి ఒకటి వేసుకుంటూ పోవాలి. వెనక్కి తిప్పాక కింద పొడుగు కుట్టు ఉన్నచోట పొట్టిది, పొట్టిది ఉన్నచోట పొడుగుది. కుట్లు సరిసంఖ్యలో ఉంటే ప్రతి వరుసా పొట్టితో మొదలై పొడుగుతో ముగుస్తుంది కాబట్టి ఏదీ గుర్తు పెట్టుకోనక్కర్లేదు. ఎత్తుపల్లాలు ఒకదాన్నొకటి పూడ్చుకుని అంచులు తిన్నగా వస్తాయి. నడుమ మాత్రం వేళ్లకు గింజగింజగా తగులుతుంది. (దీన్ని సమానత్వానికి ఉపమానం చేసి ఉపన్యసించిన వారున్నారు. కుట్టును కుట్టుగానే ఉండనివ్వడం మేలని మా అభిప్రాయం.)

ఇప్పుడు లెక్క చూద్దాం. అడ్డంగా 30 కుట్లు, పొడవునా 200 వరుసలు అనుకుంటే మొత్తం 6,000 కుట్లు. నిమిషానికి 10 చొప్పున వేస్తే 600 నిమిషాలు, అంటే 10 గంటలు. చిక్కు తీయడం, తప్పిపోయిన వరుసను విప్పి మళ్లీ అల్లడం, చివరి పోగులను లోపలికి దూర్చడం ఇందులో కలపలేదు. ఎలా చూసినా ఒక రోజు పని కన్నా ఎక్కువే. ఆ మఫ్లరుకు ఊలు ఖర్చు పోగా ఒక రోజు కూలీ గిట్టుబాటయ్యే ధర చెబితే కొనేవారిలో చాలామంది నవ్వుతారు. అల్లినవారు కూడా నవ్వుతారు. "ఏముందండీ, తీరిక వేళల్లో అల్లిందేగా" అంటారు.

ఆ 'తీరిక' అనే మాట దగ్గరే మనం కాసేపు ఆగాలి.

రెండు సూదులతో అల్లే స్వెట్టరు పనిని యంత్రాలు ఎప్పుడో నేర్చుకున్నాయి. కొక్కెం సూదితో చేసే క్రోషేను బజారుకు సరిపడా అల్లిపెట్టే యంత్రం మాత్రం ఇంకా రాలేదు. యంత్రం మీద వచ్చేది చూపుకు అలా కనిపించే మరో రకం అల్లిక. కాబట్టి దుకాణంలో అసలైన క్రోషే వస్తువు కారుచౌకగా దొరికిందంటే, ఆ చౌక యంత్రం పుణ్యం కాదు. ఎక్కడో ఒక మనిషి ఆ గంటలన్నీ కూర్చునే ఉంది.

ఎక్కడో అనడం ఎందుకు? పశ్చిమ గోదావరిలో నరసాపురం లేదా? 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు అక్కడి నిరుపేద స్త్రీలకు, ముఖ్యంగా మతం మారిన దళిత స్త్రీలకు లేసు అల్లిక నేర్పారు. తర్వాత అది పెద్ద ఎగుమతి వ్యాపారమైంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఆ ఊళ్లలో తిరిగి రాసిన పుస్తకం 1982లో వచ్చింది. విదేశీ మార్కెట్టు కోసం రోజంతా అల్లుతున్న స్త్రీలను ఎవరూ కార్మికులుగా లెక్కించలేదనీ, ఇంటి పట్టున ఉండే గృహిణులు తీరిక వేళ చేసుకునే పనిగా చూశారనీ, దాని వల్లే అంత తక్కువ చెల్లించడం సాధ్యమైందనీ ఆమె వివరించారు. కాలక్రమంలో ఈ పనిలోకి కాపు కుటుంబాల స్త్రీలు పెద్ద సంఖ్యలో వచ్చారు. పొలానికి వెళ్లకుండా గడప లోపల కూర్చుని చేసే పని కనుక అందులో పరువు ఉంది. పొలం పనికి వెళ్లే దళిత స్త్రీలకు ఆ పరువు లేదు, కానీ కూలీ వీరి సంపాదన కన్నా ఎక్కువ. అంటే లేసు వ్యాపారి కూలీలో కొంత భాగాన్ని పరువు రూపంలో చెల్లించాడన్నమాట. ఆ పరువుకు అతనికి పైసా ఖర్చు కాలేదు, కులం దాన్ని ముందే సిద్ధం చేసి పెట్టింది. కులమంటే పని విభజన మాత్రమే కాదు, పనిచేసేవారిని విభజించడమని బాబాసాహెబ్ 1936లోనే రాశారు. సూది పట్టిన స్త్రీ, కొడవలి పట్టిన స్త్రీ ఒకే వరుసలో నిలబడి కూలీ అడగకపోవడానికి ఇంతకన్నా వేరే కారణం వెతకనక్కర్లేదు.

చట్టానికి ఈ సంగతి తెలియదనుకోకండి. 1948 నాటి కనీస వేతనాల చట్టం ఉద్యోగి నిర్వచనంలోనే, సరుకు ఇంటికి తీసుకెళ్లి పని చేసి తెచ్చేవారిని చేర్చింది. కనీస వేతనం కన్నా తక్కువకు ఒప్పుకున్నా ఆ ఒప్పందం చెల్లదంది. 1982లోనే, ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన వెట్టి కిందికే వస్తుందంది. ఆకలి, పేదరికం కూడా నిర్బంధమేనని దాని తర్కం. "ఆమె ఒప్పుకునే ఇచ్చింది కదా" అనే వాదన అక్కడితో బలహీనపడాలి. బజారులో అది ఇంకా బలంగానే ఉంది.

మన శీలాల్లో రెండవది ఈ వాదనను మరింత లోతుగా ప్రశ్నిస్తుందని మేము అనుకుంటాం. దాన్ని సాధారణంగా 'దొంగతనం చేయకుండుట' అని చెప్పేస్తుంటాం. పాళీ మాట అదిన్నాదానం. దాని అర్థం ఇవ్వనిదాన్ని తీసుకోవడం. మఫ్లరు ఇచ్చింది, డబ్బు పుచ్చుకుంది, సరే. ఆ పది గంటలను ఆమె ఇచ్చిందా? తనవి అవి పది గంటలని ఆమెకే ఎవరూ చెప్పనప్పుడు, లెక్కే లేనిదాన్ని ఇవ్వడం ఎలా సాధ్యం? సిగాలోవాద సుత్తంలో యజమాని విధులు చెబుతూ బుద్ధుడు శక్తికి తగిన పని, తిండి, వేతనం, జబ్బు చేస్తే సేవ, తగిన వేళకు సెలవు అన్నాడు. ఇంట్లో అల్లే మనిషికి వీటిలో ఒక్కటీ వర్తించదు. ఎందుకంటే ఆమెకు యజమాని ఎవరో తెలియదు. ఏజెంటు తెలుసు, అంతే.

అల్లుతుంటే మనసు కుదుటపడుతుందనీ, అన్నిటికీ ధర కట్టడం మంచిది కాదనీ కొందరు ఉపాసికలు మాతో వాదించారు. మనసు కుదుటపడే మాట నిజమే. మనవడికి అల్లినా, విహారంలో వృద్ధ భిక్షువుకు అల్లి ఇచ్చినా గంటలు లెక్కపెట్టమని ఎవరం అంటాం? దానం చేసేది దాత. కొనేవాడు బేరమాడి, ఆమె తరఫున తానే దానం చేసేసి, ఆ దానాన్ని తానే పుచ్చుకోవడం గురించి మా అభ్యంతరం. తన పనిని ప్రేమించే డాక్టరు దగ్గర ఫీజు తగ్గించమని ఆ కారణం మీద ఎవరూ అడగరు కదా.

మేము పనిచేసే సంఘాల్లో ఇప్పుడు ప్రతి వస్తువుకూ ఒక చీటీ కడుతున్నారు. ఊలు ఖర్చు ఇంత, గంటలు ఇన్ని అని రాస్తారు. ధర పెరిగింది, అమ్మకం కొంత తగ్గింది. కొందరు చీటీ చదివి వస్తువును తిరిగి బల్ల మీద పెట్టేస్తున్నారు. ఇక గంటలు రాయడం దగ్గర ఇంకా తగాదా తెగలేదు. పాలు పొంగుతుంటే లేచి వెళ్లిన ఐదు నిమిషాలు, పక్కింటి వాళ్లతో మాట్లాడుతూ అల్లిన గంట, ఇవన్నీ రాయాలా వద్దా అని. రాయాలన్నది మా మాట. ఆఫీసుల్లో టీ తాగే సమయాన్ని జీతంలోంచి ఎవరైనా కోస్తున్నారా అని అడిగితే, ఒకావిడ "వాళ్లది ఉద్యోగం కదండీ" అంది.