ఆగుటకు అనుమతి అక్కరలేదు

అణువిద్యుత్కేంద్రమున అపాయసూచన కనబడిన వెంటనే రియాక్టరును తనంతట తానే ఆపివేయు సాధనము ఒకటి ఉండును. యంత్రమే కాపాడుచుండగా మనుష్యునకు జాగరూకత ఏల యని కొందరు ప్రశ్నింపవచ్చును. ఈ ప్రశ్న యంత్రశాస్త్రమునకే కాదు, ధర్మమునకును చెందినది.

1942 డిసెంబరు 2వ తేదీన షికాగో నగరమున ఎన్రికో ఫెర్మీ బృందము తొలి రియాక్టరును నడిపినప్పుడు, న్యూట్రానులను పీల్చుకొను కడ్డీ నొకదానిని త్రాటితో వ్రేలాడదీసి, అవసరమైనచో ఆ త్రాటిని నరకుటకు ఒక శాస్త్రజ్ఞుని గొడ్డలితో నిలిపిరి. నేడు ఆ పనిని విద్యుత్సాధనములు చేయుచున్నవి. అనేక రియాక్టరులలో ఇట్టి కడ్డీలను విద్యుదయస్కాంతములు పైకెత్తి పట్టుకొని యుండును. వేడిమి హద్దు మీరినను, కరెంటు పోయినను ఆ పట్టు సడలును. కడ్డీలు తమ బరువుచేతనే లోనికి దిగి, కొలది సెకనులలో గొలుసుచర్యను నిలుపును.

ఇందలి నీతి గమనింపదగినది. ఇచట ఆగుటకు అనుమతి అక్కరలేదు. నడచుటకే ప్రతిక్షణము అనుమతి కావలెను. నెమ్మదిగా ఆలోచించిన నాడు చేసికొన్న నిర్ణయము, తొందరపడు నాటి మనస్సును అదుపులో నుంచుచున్నది. మన పెద్దలు నియమ మనినది ఇట్టిదానినే.

అయితే నియమమును కట్టిన చేయి దానిని విప్పనుగలదు. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ నాలుగవ రియాక్టరులో, ఒక పరీక్షకు ఆటంకము కలుగరాదని కొన్ని రక్షణసంకేతములను పనిచేయకుండ చేసిరి. తుదకు అత్యవసరపు మీట నొక్కగా, కడ్డీల కొనలందలి గ్రాఫైటు చర్యను తగ్గించుటకు మారు తొలుత హెచ్చించెను. ఈ లోపము 1983లోనే బయటపడినను, నడుపువారికి తేటగా తెలుపబడలేదు. కావున దోషము మీట యొద్ద నున్నవారిది మాత్రమే కాదు, ఎరిగియు చెప్పనివారిదియు.

ఆగినంతమాత్రమున బాధ్యత తీరదు. 2011 మార్చి 11న భూకంపము రాగానే ఫుకుషిమా దైచిలో నడచుచున్న మూడు రియాక్టరులును వాటంతట అవే ఆగినవి. కాని ఆగిన పిదపను ఇంధనము వేడిని వెలువరించుచునే యుండును. సునామీ డీజిలు జనరేటరులను ముంచగా, దానిని చల్లార్చు దారి లేకపోయెను.

తమిళనాట కల్పాక్కము, కర్ణాటకమున కైగా, మహారాష్ట్రమున తారాపూర్ మనము స్థిరపడిన సీమలలోనివే. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో కల్పాక్కమున నడచుచున్న రియాక్టరు క్షేమముగా ఆపబడెను. అది చూచి సంతోషింతుము. అయినను రక్షణసాధనమును ఎవరు, ఎప్పుడు, ఎవరి ఎరుకతో పక్కకు పెట్టగలరని అడుగుట, ఆ వెలుగులో బ్రతుకు మన విధి. రియాక్టరును యంత్రము ఆపగలదు. ఆ యంత్రమును ఆపకుండుట మాత్రము మనుష్యుని వంతు.