విషం పోయిందా?

"విషం పోయిందా డాక్టరు బాబూ?" అని అడిగింది ఆ పెద్దమ్మ. జగ్గయ్యపేట, నందిగామ మధ్య పశువైద్యుడిగా తిరిగిన రోజుల మాట. మిరపతోటకు మందు కలిపిన డ్రమ్ములో అడుగున మిగిలిన నీళ్లు తాగేసింది గేదె. నోటి నుంచి చొంగ తాళ్లు తాళ్లుగా కారుతోంది. కంటిపాప సన్నని గీతయింది. తొడకండలు అదురుతున్నాయి. 400 కిలోల గొడ్డుకు కనీసం 100 మిల్లీగ్రాముల అట్రోపిన్ కావాలి. ఆ రాత్రి దొరికినవి మనుషులకు వాడే 0.6 మిల్లీగ్రాముల ఆంప్యూల్సే. టార్చిలైటు వెలుగులో నూట అరవైకి పైగా విరిచాం. పావు వంతు నరానికి, మిగతాది చర్మం కింద ఎక్కించాను.

చొంగ ఆగింది. "పోయిందమ్మా" అన్నాను. అబద్ధం.

అట్రోపిన్ విషాన్ని ముట్టుకోనైనా ముట్టుకోదు. పురుగుమందు ఒంట్లోని ఒక ఎంజైమును కట్టిపడేస్తే, నరాల కబురు మోసే ఎసిటైల్‌కోలిన్ పేరుకుపోతుంది. అది కూర్చునే పీట మీద అట్రోపిన్ ముందే కూర్చుంటుంది, అంతే. కండల దగ్గర దానికి పీట దొరకదు, అందుకే అదురు తగ్గలేదు. ఎంజైము కట్టు విప్పేది ప్రాలిడాక్సిమ్. అదీ తొందరగా పడితేనే. ఆ రాత్రి అది దొరకలేదు.

ముక్త్యాలలో ముక్తేశ్వరుడి ముందు నిలబడినప్పుడల్లా ఆ గేదే గుర్తొస్తుంది. హాలాహలాన్ని ఆయన మాయం చేయలేదు, గొంతులో నిలుపుకున్నాడు. ఆయనకు మనం పెట్టే ఉమ్మెత్త పువ్వులోనూ అట్రోపిన్ ఉంది. పుట్టిన విషాన్ని ఎవరో ఒకరు మోయాల్సిందే అని పురాణం చెబుతోందని నేననుకుంటాను. ఎవరు మోయాలన్నదే ప్రశ్న. శివుడు తన గొంతు చూపించాడు. మనమో, నంది పేరున్న ఊరి పక్కనే, గొడ్డు నోట పోశాం.

తెల్లవారుజామున గేదె ఎడమ డొక్కకు పిడికిలి ఆనించి కూర్చున్నాను. రెండు నిమిషాలకు రెండు మూడుసార్లు పొంగాల్సిన పొట్ట చప్పుడు లేకుండా ఉంది. ప్రాణం నిలిపిన మందే నెమరు ఆపేసింది. ఇంకో సూది వేయడానికి చెయ్యి రాలేదు. మధ్యాహ్నానికి పొట్ట కదిలింది. సాయంత్రం నెమరేసింది.

"పాలు కేంద్రానికి పోయొచ్చా?" అంది పెద్దమ్మ. అప్పుడు నిజం చెప్పాను. విషం ఇంకా ఒంట్లో ఉండొచ్చు, ఆ పాలు ఎవరూ తాగకూడదన్నాను. నేను సరేననే దాకా రెండు పూటలా పితికి, బావికి దూరంగా గొయ్యి తీసి పారబోసింది. దూడకూ పట్టలేదు. ఆ ఇంటికి వచ్చేది ఆ పాల డబ్బే. విషాన్ని గొంతులో నిలపడమంటే ఏమిటో నేను ఆమె దగ్గరే చూశాను.

మందు కొట్టే రైతన్నలారా, పని అయ్యాక డ్రమ్మును గొడ్లకు దూరంగా బోర్లించి రండి.