అడగకముందే ఇచ్చే తీర్పు

షుగర్ ఉన్నవారికి తిండీ, నడకా గురించి సలహాలు చెప్పే మనం ఎదుటి మనిషి నోరు తెరవకముందే సగం తీర్పు ఇచ్చేస్తుంటాం. బొద్దుగా ఉంటే బద్ధకమని, నాట్లకు వెళ్లే అమ్మ మళ్లీ రాకపోతే మాట వినదని. ఇందులో దురుద్దేశం ఉండదు. అనుభవంలాగే అనిపిస్తుంది కనుక మనకే పట్టుబడదు. అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనం చూడండి. నల్లవారి చర్మం మందమన్నటువంటి అబద్ధాల్లో ఒక్కటైనా నిజమని లేదా నిజం కావచ్చని తెల్లజాతి వైద్య విద్యార్థుల్లో, జూనియర్ డాక్టర్లలో దాదాపు సగం మంది నమ్మారు. అలా నమ్మినవారు నల్లవారి నొప్పిని తక్కువగా అంచనా వేశారు. చదువు ఒక్కటే కాపాడదన్నమాట.

మరి సమూహాల గురించి తెలిసి ఉండటం తప్పా? కాదు, అవసరం. ఆసియావారికి బీఎంఐ 23 దగ్గరే జాగ్రత్త మొదలవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లో చెప్పారు. కాబట్టి సన్నగా కనిపించే మనవాళ్లనూ పరీక్షించాలి. కానీ ఆ అంకె మనిషి రోజు ఎలా గడుస్తుందో చెప్పదు. పొద్దంతా మడిలో నడుం వంచిన మనిషితో "రోజూ అరగంట నడువమ్మా, అన్నం బదులు ఓట్స్ తిను" అంటే తలూపి వెళ్లి, రేషన్ బియ్యమే వండుకుంటుంది. "పొలానికి ఏం కట్టుకెళ్తావు? రాత్రి ఎన్నింటికి తింటావు? మాత్ర ఎప్పుడు వేసుకుంటావు?" అని అడిగితే, అన్నం కాస్త తగ్గించి పప్పూ కూరా పెంచుకునే వీలు ఆమే చెప్పవచ్చు. ఓపీ బయట అంత వరుస ఉంటే తీరికెక్కడిదంటారు. నిజమే, కానీ పనికిరాని సలహాకూ అంతే సమయం పడుతుంది. షుగర్ తగ్గక ఆమె మళ్లీ వస్తే, "సహకరించడం లేదు" అని చీటీలో రాసేముందు, కిందటిసారి మనమేం అడిగామో చూసుకోవాలి.