దిష్టి గుమ్మడికాయ చెప్పే సంగతి

సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో దుకాణం గుమ్మానికి నిమ్మకాయ, పచ్చిమిరపకాయల దండ వేలాడుతుంటుంది. ఆ పైనే సీసీ కెమెరా. రెండింటికీ చూపుతోనే పని. ఒకటి చూపును ఆపడానికి, ఇంకొకటి చూపును నిలపడానికి.

గోప్యత మాటెత్తితే బజారులో తరచూ వినిపించే జవాబు ఒకటుంది: ‘‘మనం తప్పేం చేస్తున్నాం? చూస్తే చూడనీ!’’ ఆ మాటను గుమ్మంలోని నిమ్మకాయే కాదంటోంది. దిష్టికి భయపడేవాళ్లు దొంగలు కారు. బొద్దుగా ఉన్న పసిబిడ్డ దాచుకోవాల్సిన తప్పు కాదు. అయినా తల్లి బుగ్గన చుక్క పెడుతుంది. నాలుగు డబ్బులొస్తున్న కొట్టుకు బూడిద గుమ్మడికాయ కడతారు. దిష్టిని నమ్మినా, నమ్మకపోయినా అందులో ఒక ఎరుక ఉంది: చూపు ఊరికే పోదు, చూసినవాళ్లకు మన మీద పట్టు దొరుకుతుంది.

ఆ పట్టు ఎంత గట్టిదో వీఆర్ (వర్చువల్ రియాలిటీ) కళ్లజోడుతో తెలుస్తుంది. తల ఎటు తిరిగింది, చెయ్యి ఎలా కదిలింది అని అది క్షణక్షణం కొలుస్తుంది. కొలవకపోతే బొమ్మే కుదరదు. 2023లో బర్క్‌లీ పరిశోధకులు ‘బీట్ సేబర్’ అనే వీఆర్ ఆట ఆడిన 55 వేల మందికి పైగా కదలికలను పరిశీలించారు. ఒక్కొక్కరి ఐదు నిమిషాల కదలికలను ముందే నేర్చుకున్న యంత్రం, ఆపైన వంద సెకన్ల ఆటతోనే మనిషిని పోల్చుకుంది. 94 శాతం సార్లు అది సరిపోయింది. ముఖం చూడలేదు, పేరూ అడగలేదు. ఆపిల్ విజన్ ప్రో వంటి కళ్లజోళ్లు కంటిచూపునూ అనుసరిస్తాయి. కన్ను ఎక్కడ వాలుతోందో యాప్‌లకు తెలియనివ్వబోమని ఆ సంస్థ చెబుతోంది. ఆ హామీ అవసరమే, ఎందుకంటే నోరు దాచిన ఇష్టాన్ని కన్ను బయటపెడుతుంది.

అద్వైతం దృక్కును, దృశ్యాన్ని వేరు చేసింది. చూసేవాడు చూడబడే వస్తువు కాడంది. ఈ కళ్లజోడు చూసేవాడినే దృశ్యంగా మారుస్తోంది.

మోండాకు దగ్గర్లోనే ఉజ్జయిని మహంకాళి గుడి ఉంది. బోనమెత్తుకొచ్చిన ఆడబిడ్డ అమ్మవారిని చూడాలనుకుంటుంది, అమ్మ చల్లని చూపు తన మీద పడాలనీ కోరుకుంటుంది. అది కోరి తెచ్చుకున్న చూపు. కెమెరా చూపు అలా అడిగి రాదు.

2021 మేలో, లాక్‌డౌన్ వేళ, పోలీసులు తనను ఆపి ఫొటో తీశారంటూ సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ ప్రశ్నించారు. ముఖాలను గుర్తుపట్టే సాంకేతికతపై తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తేల్చింది. ఆ హక్కు నేరం చేసినవాళ్ల కోసం పుట్టింది కాదు, కూరగాయలు కొనుక్కుని ఇంటికెళ్లే మనిషిది.

పిల్లలకు వీఆర్ కళ్లజోడు కొనిచ్చేవాళ్లు పెట్టె విప్పిన రోజే సెట్టింగులు తెరవాలి. కంటి కదలికల అనుమతి ఉందేమో చూసి, అక్కర్లేకపోతే అప్పుడే ఆపేయాలి.